బాక్టీరియోఫేజులును మన ఆహారమును

ప్రాణము నిలుచుటకు ఆహారము వలయును. ఐనను ఆ ఆహారము వెంటనే ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమును మన యింట ప్రవేశించుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2015లో ప్రకటించిన లెక్కలను బట్టి, కలుషితమైన ఆహారము వలన ఏటేట సుమారు 60 కోట్లమంది వ్యాధిగ్రస్తులగుచున్నారు. వారిలో 4,20,000 మంది మరణించుచున్నారు. ఆ మృతులలో 1,25,000 మంది అయిదేండ్ల లోపు శిశువులు. ఈ యంకెలను చదివినప్పుడు, వసతిగృహములలో పిల్లలకు వండిపెట్టువారికిని, తెల్లవారుజామున లేచి బడికి అన్నపుగిన్నె సర్దియిచ్చు తల్లులకును భయము కలుగుట సహజము.

ఈ వ్యాధులకు కారణములు పెక్కులు గలవు. వానిలో బాక్టీరియా అను సూక్ష్మజీవులు ముఖ్యమైనవి. సాల్మొనెల్లా, లిస్టీరియా, ఈ.కోలి జాతిలోని దుష్టభేదములు వీనిలో పేరు మోసినవి. ఈ వ్యాసములో మేము వీనిని క్రిములనియే వ్యవహరింతుము. ఆహారము పులిసినను, కుళ్ళినను మన ముక్కు చెప్పును. కాని రోగమును కలిగించు క్రిములు చేరినంతమాత్రమున రంగు మారదు, రుచి చెడదు, వాసన పుట్టదు. చూచుటకు శుభ్రముగను, నోటికి కమ్మగను ఉన్న పదార్థములోనే అవి పొంచియుండవచ్చును.

అవి వృద్ధి పొందు వేగమును గణితము తెలిసిన మన విద్యార్థులు తామే లెక్కించుకొనవచ్చును. అనుకూలమగు వెచ్చదనమున ఈ.కోలి క్రిమి 20 నిమిషములకొకమారు రెండుగా చీలును. రాత్రి 10 గంటలకు ఒక్క క్రిమి పడినదనుకొందము. అదే వేగమున పెరిగినయెడల, తెల్లవారి 5 గంటలకు దాని సంతతి 20 లక్షలు దాటును.

కావున ఆహారమును గూర్చి రెండు ప్రశ్నలు పుట్టుచున్నవి. అందులో దుష్టక్రిమి యున్నదో లేదో ఎట్లు కనుగొనుట? ఉన్నచో ఆహారము యొక్క రుచికిని, దానిని తినువారికిని హాని లేకుండ ఎట్లు చంపుట? ఈ రెండు పనులకును శాస్త్రజ్ఞులు నేడు ఒక్క సాధనమునే వాడుచున్నారు. అదియే బాక్టీరియోఫేజి.

ఫేజి స్వరూపము

బాక్టీరియోఫేజి యనగా బాక్టీరియాను తినునది యని అర్థము. "ఫేజి" యను భాగము తినుట యను అర్థముగల గ్రీకుమాట నుండి వచ్చినది. నిజమునకు ఇది నోరుండి తినునది కాదు. ఇది యొక వైరసు. మనకు జలుబును కలిగించు వైరసు మన దేహకణములలో జొచ్చునట్లే, ఫేజి క్రిమి శరీరములో జొచ్చును. మనుష్యుని కణములలోగాని, ఆవు, మేక మొదలగు జంతువుల కణములలోగాని ఇది పెరుగనేరదు.

దీని పరిమాణమును ఒక పోలికచేత తెలిసికొనవచ్చును. ఒక మిల్లీమీటరు పొడవున ఈ.కోలి క్రిములను తలకు తోక తగులునట్లు పేర్చినచో సుమారు 500 పట్టును. టీ4 అను ఫేజి నట్లే పేర్చినచో సుమారు 5,000 పట్టును. కావుననే సామాన్య సూక్ష్మదర్శినితో దీనిని చూచుటకు వీలులేదు. 1940 ప్రాంతమున ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని సహాయముతో జర్మను శాస్త్రజ్ఞులు దీని రూపమును మొదట చూచిరి. టీ4 ఫేజికి పలుముఖములు గల రత్నమువంటి తలయు, గొట్టమువంటి తోకయు, తోక చివర సాలెపురుగు కాళ్ళవంటి ఆరు పోగులును ఉండును. తలలో దాని జన్యుపదార్థము చుట్టచుట్టుకొని యుండును.

ఈ పోగులే ఫేజికి కన్నులును చేతులును. ప్రతి క్రిమిజాతికిని ఒంటిపై కొన్ని ప్రత్యేక చిహ్నములు గలవు. తాళమునకు తగిన చెవి యున్నట్లు, ఒక్కొక్క ఫేజి పోగులు ఒక్కొక్క జాతి చిహ్నములకు మాత్రమే అతుకుకొనును. అతుకుకొనిన పిమ్మట తోక ముడుచుకొని, సూదివలె క్రిమి గోడను పొడిచి, తలలోని జన్యుపదార్థమును లోనికి దింపును. తొడుగు బయటనే నిలిచిపోవును. ఈ సంగతిని 1952లో హెర్షీ, చేజ్ అను నిరువురు అమెరికాలో చేసిన ప్రయోగము స్థిరపరచినది. అటుపై క్రిమి తన పని మాని ఫేజి పని చేయవలసినదే. దాని శరీరము క్రొత్త ఫేజులను తయారుచేయు కర్మాగారమగును. సుమారు అరగంటలో నూరు, అంతకు మించిన పిల్లఫేజులు తయారై, క్రిమి గోడను కరగించి, పగులగొట్టుకొని వెలువడును. ఒక్కొక్కటి నూరింటిని పుట్టించినను, నాలుగు తరములకు, అనగా సుమారు రెండు గంటలలో, ఒక ఫేజి 10 కోట్లగును. క్రిములు రెండింతలుగా పెరుగుచుండ ఫేజులు నూరింతలుగా పెరుగును. వీని బలమంతయు ఈ లెక్కలోనే యున్నది. తినుటకు క్రిములు లేనిచో ఇవి పెరుగవు, క్రమముగా నశించిపోవును.

కనుగొనిన విధము

1896లో ఆగ్రాలో పనిచేయుచుండిన హాంకిన్ అను ఆంగ్లేయుడు గంగా యమునల నీటిని పరీక్షించి, విషూచిక్రిములు ఆ నీటిలో త్వరలోనే నశించుచున్నవనియు, నీటిని కాచినచో ఆ గుణము పోవుచున్నదనియు వ్రాసెను. ఆ గుణము ఫేజులదే యని పిమ్మటి శాస్త్రజ్ఞులు పలువురు ఊహించిరి. దీనిని చదివి నదీజలమును కాచకయే త్రాగవచ్చునని ఎవరును తలంపరాదు. నీటిలో ఒక క్రిమికి శత్రువున్నంత మాత్రమున తక్కిన క్రిములు లేవని కాదు.

1915లో లండనులో ట్వార్ట్ అను వైద్యశాస్త్రజ్ఞుడు తాను పెంచుచుండిన క్రిముల గుంపులు కొన్ని గాజువలె స్వచ్ఛమై కరగిపోవుట చూచెను. ఆ కరగిన పదార్థమును ఆరోగ్యముగా పెరుగుచున్న గుంపునకు తాకించినచో అదియును కరగిపోయెను. ఆ కాలముననే పారిసు నగరమున పాస్టరు సంస్థలో డెరెల్ అనునతడు, రక్తగ్రహణితో బాధపడుచుండిన సైనికుల విషయమై పరిశోధన చేయుచుండెను. రోగుల మలమును మిక్కిలి సన్నని వడపోతగొట్టములో వడకట్టి, క్రిములు నిలిచిపోగా దిగిన ద్రవమును, గ్రహణిక్రిములు పెరుగుచున్న మాంసరసములో కలిపెను. మబ్బుగా నున్న రసము తేరుకొని నీటివలె నిర్మలమయ్యెను. వడపోతను దాటిన సూక్ష్మమైనదేదియో క్రిములను నాశనము చేయుచున్నదని గ్రహించి, 1917లో ఆ సంగతిని ప్రకటించి, దానికి బాక్టీరియోఫేజి యని పేరు పెట్టెను. 1919లో ఫ్రాన్సు పల్లెలలో కోళ్ళకు వచ్చు సాల్మొనెల్లా తెగులును మాన్పుటకు వాడి చూచెను. 1927లో మన దేశమునకు వచ్చి పంజాబులో విషూచిరోగులపై ప్రయోగించెను. 1923లో జార్జియాలోని టిబిలీసి నగరమున ఎలియావా అను శాస్త్రజ్ఞుడు స్థాపించిన సంస్థ నేటికిని ఫేజివైద్యమునకు ప్రసిద్ధి వహించియున్నది.

1940 తరువాత పెన్సిలిను మొదలగు ఔషధములు వ్యాపింపగా పాశ్చాత్యులు ఫేజులను చాలవరకు మరచిరి. ఆ ఔషధములకు లొంగని క్రిములు నేడు పెరుగుచుండుటచేత మరల వీనివైపు దృష్టి మరలినది.

ఆహారముపై కావలి

లిస్టీరియా అను క్రిమిని గూర్చి ముందుగా చెప్పవలెను. తక్కిన క్రిములు చలిలో మందగించును. ఇది శీతలపేటికలోనుగూడ మెల్లమెల్లగా పెరుగును. ఆరోగ్యవంతులకు దీనివలన పెద్ద బాధ లేకపోవచ్చును. కాని గర్భిణులకును, నవజాత శిశువులకును, వృద్ధులకును ఇది మిక్కిలి ప్రమాదకరము. గర్భిణికి కొద్దిపాటి జ్వరమే వచ్చినను గర్భములోని శిశువు మరణింపవచ్చును. ఇది ఆహారముద్వారా వ్యాపించునని 1981లో కెనడాలో జరిగిన సంఘటన రుజువుపరచినది. ఒక రైతు, రోగము గల గొర్రెల యెరువును క్యాబేజి తోటకు వేసెను. ఆ క్యాబేజి శీతకాలమంతయు చల్లని కొట్టులో నిలువయుండెను. చలిలో క్రిములు చావక పెరిగినవి. పచ్చిగా తరిగి తిన్నవారికి వ్యాధి సోకెను. పిదప 2017, 2018 సంవత్సరములలో దక్షిణాఫ్రికాలో పోలోనీ యను వండిన మాంసపు ముద్దద్వారా ఈ వ్యాధి వ్యాపించి, వేయిమందికి పైగా రోగగ్రస్తులై, 200 మందికి పైగా మరణించిరి.

ఇట్టి పదార్థములు కర్మాగారములో ఉడికిన పిమ్మట, ముక్కలుగా కోయునప్పుడును, పొట్లము కట్టునప్పుడును క్రిములు అంటుకొనును. కొన్నవారు మరల వండక తిందురు. మరల కాచినచో రుచి మారును. ఘాటైన మందులు చల్లుటకు వీలులేదు. అందుచేత 2006 ఆగస్టులో అమెరికా దేశపు ఆహారౌషధ పర్యవేక్షక శాఖవారు, ఆరు విధముల లిస్టీరియా ఫేజుల మిశ్రమమును తినుటకు సిద్ధముగా నున్న మాంసములపై చల్లుటకు అనుమతి నిచ్చిరి. 500 చదరపు సెంటీమీటర్ల మేరకు 1 మిల్లీలీటరు మించరాదని నియమము. ఆ సంవత్సరముననే నెదర్లాండ్సు దేశములో తయారైన పీ100 అను ఫేజిని జున్నుపై వాడుటకును అక్కడ అంగీకారము లభించినది. పిమ్మట సాల్మొనెల్లాకును, ఈ.కోలిలోని ఓ157 అను దుష్టభేదమునకును వేరువేరు ఫేజులు వాడుకలోనికి వచ్చినవి.

ఒకే ఫేజి చాలదా, ఆరేల యని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. కోట్లకొలది క్రిములలో ఏ యొకటియో తన ఒంటిమీది చిహ్నమును మార్చుకొని ఫేజికి పట్టుపడక తప్పించుకొనును. పలువిధముల ఫేజులుండినయెడల, ఒకదానికి తప్పించుకొనినది మరియొకదానికి చిక్కును.

"వైరసును తిండిపై చల్లి తినుటయా?" యని తల్లిదండ్రులు కొందరు అసహ్యపడవచ్చును. అట్టి సందేహము తప్పుకాదు, సమాధానము చెప్పవలసినదే. మనము తిను పచ్చికూరలలోను, త్రాగు నీటిలోను, మన ప్రేగులలోను ఫేజులు ఇదివరకే లెక్కకు మిక్కిలిగా నున్నవి. మనము వానితోడనే జీవించుచున్నాము. అవి మన కణములను ముట్టవు. క్రిమినాశక ఔషధములు ప్రేగులలోని మంచి క్రిములనుగూడ చంపును. ఫేజులు తమకు తగిన జాతిని మాత్రమే చంపి తక్కినవానిని విడిచిపెట్టును.

దొంగను పట్టు విధము

చంపుట యట్లుండగా, కనుగొనుట మరియు విచిత్రము. ఫేజి తన క్రిమిని తప్ప మరియొక దానిని ముట్టదు గదా. కావున ఏ ఫేజి యే క్రిమిని కరగించెనో చూచి, క్రిమి జాతిని చెప్పవచ్చును. అగార్ అను సముద్రపు నాచునుండి తీసిన పదార్థమును గాజుపళ్ళెములో పోసి, గట్టిపడిన తరువాత క్రిములను పరచినయెడల, మరునాటికి అవి పలుచని మీగడ తెట్టువలె పెరుగును. దానిపై ఫేజి చుక్క వేసిన చోట క్రిములు చచ్చి, తెట్టులో రంధ్రము పడినట్లు స్వచ్ఛమైన మచ్చ యేర్పడును. ఆ మచ్చయే సాక్ష్యము.

1938లో కెనడా దేశమున క్రెయిగీ, యెన్ అను నిరువురు ఈ పద్ధతిచేత టైఫాయిడు క్రిములను ఉపభేదములుగా విభజించిరి. పైకి ఒక్కటిగానే కనబడు టైఫాయిడు క్రిములలో, కొన్ని ఒక ఫేజికి లొంగును, కొన్ని మరియొకదానికి లొంగును. దీనివలన ఏ రోగికి ఎక్కడి క్రిమి సోకెనో ఊహించుటకు వీలు కలిగెను.

దీని ప్రయోజనము 1964లో స్కాట్లండులోని ఆబర్డీను పట్టణమున వెల్లడియయ్యెను. మే నెలలో అచ్చట టైఫాయిడు ఆకస్మికముగా పొడసూపి, కొన్ని వారములలో 400 మందికి పైగా వ్యాధి సోకెను. రోగుల క్రిములను ఫేజులతో పరీక్షింపగా అన్నియు 34 అను సంఖ్యగల ఒక్క ఉపభేదమునకే చెందినవని తేలెను. అది బ్రిటనులో అరుదు. దక్షిణ అమెరికాలో కనబడునది. అన్నియు ఒక్కటే గనుక మూలమును ఒక్కటియే కావలెను. విచారింపగా, దక్షిణ అమెరికాలోని అర్జెంటీనానుండి వచ్చిన డబ్బామాంసముమీదికి అనుమానము పోయెను. ఉడికించి మూసిన డబ్బాలను అచ్చటి కర్మాగారములో శుద్ధిచేయని నదీజలముతో చల్లార్చిరనియు, అతుకులోని సన్నని సందుగుండ ఆ నీరు లోనికి పోయియుండుననియు విచారణకర్తలు నిశ్చయించిరి. దుకాణములో ఆ డబ్బాను విప్పి ముక్కలు కోసిన కత్తియంత్రముతోడనే తక్కిన మాంసములను కోయగా వానికిని క్రిములు అంటెను. ఒక్క డబ్బా, ఒక్క కత్తి, పట్టణమంతయు కలవరము! వంటచేయువారందరు ఈ కథను గుర్తుంచుకొనవలెను. ఇటీవల క్రిముల జన్యుక్రమమునంతయు చదువు పద్ధతి వచ్చి, ఈ ఫేజిపరీక్ష స్థానమును చాలవరకు ఆక్రమించినది. ఐనను అనేక సంవత్సరములు రోగమూలములను వెదకుటకు ఇదియే దారి చూపినది.

మరియొక పద్ధతి వినుటకు కథవలె నుండును. సముద్రములో మినుకుమినుకుమని వెలుగునిచ్చు క్రిములు కొన్ని గలవు. వాని వెలుగునకు కారణమగు జన్యువులను తీసి, శాస్త్రజ్ఞులు 1996లో ఏ511 అను లిస్టీరియా ఫేజిలో అమర్చిరి. ఫేజికి స్వయముగా వెలుగు లేదు. అది లిస్టీరియాలో ప్రవేశించినప్పుడు మాత్రము ఆ క్రిమి శరీరములో వెలుగునిచ్చు పదార్థము తయారగును. తగిన రసాయనమును చేర్చగా క్రిమి ప్రకాశించును. ఆహారపు మచ్చును కొన్ని గంటలు పోషకరసములో నుంచి, ఈ ఫేజిని కలిపి, వెలుగును కొలుచు యంత్రముముందు పెట్టుదురు. వెలుగు కనబడినచో లిస్టీరియా యున్నట్లే. పాతపద్ధతిలో మూడు నాలుగు దినములు పట్టుచుండిన పరీక్ష ఒక్క దినములో ముగియును. ఇందు మరియొక గుణము గలదు. చచ్చిన క్రిమి ఫేజికి పనిచేయజాలదు గనుక వెలుగదు. కావున వండుటచేత చచ్చిన క్రిములను చూచి భయపడి మంచి ఆహారమును పారవేయవలసిన పనిలేదు. పాలు, చేపలు, కోసిన మాంసము మూడు నాలుగు దినములు ఆగునవి కావు. ఫలితము వచ్చులోపల వానిని జనులు తినివేయుదురు. కావున ఇట్టిచోట కాలమే ప్రాణము.

ఎచ్చట జాగ్రత్త వలయును

ఇంతగా పొగడిన పిమ్మట దోషములనుగూడ చెప్పుట న్యాయము. మొదటిది, ఫేజి తన క్రిమిని తాకినగాని పని జరుగదు. పొడిగా నుండి ముడుతలు పడిన పదార్థముపై చల్లినచో, మూలలలోని క్రిములు తప్పించుకొనును. రెండవది, ఆహారములో ఏ జాతి క్రిమి చేరెనో తెలియనప్పుడు ఏ ఫేజిని వాడవలెనో తెలియదు. సాల్మొనెల్లా ఫేజి లిస్టీరియాను ముట్టదు.

మూడవది ముఖ్యమైనది. ఫేజులన్నియు సాధువులు కావు. కొన్ని క్రిమిని వెంటనే చంపక, తమ జన్యువులను క్రిమి జన్యువులలో కలిపి, దానితోపాటు తరతరములు నివసించును. అట్టివి ఒక్కొక్కప్పుడు విషమును పుట్టించు జన్యువులను వెంట తెచ్చును. ఓ157 క్రిమికిని, విషూచిక్రిమికిని వాని విషము ఇట్టి ఫేజుల వలననే లభించినది. కావున ఆహారములో వాడుటకు క్రిమిని తప్పక చంపు జాతిని మాత్రమే ఎన్నుకొని, దాని జన్యువులనన్నిటిని పరిశీలించిన తరువాతనే వాడుదురు.

నాలుగవది మన పాలు, పెరుగులకు సంబంధించినది. పాలను తోడుపెట్టినప్పుడు పెరుగుగా మార్చునవి మేలుచేయు క్రిములే. వానికిని ఫేజులు గలవు. జున్ను తయారుచేయు కర్మాగారములలో తోడు ఒక్కొక్కప్పుడు పనిచేయక పాలు పాలుగానే మిగిలిపోవుటకు ఫేజియే కారణమని 1935లో న్యూజిలాండు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నేటికిని పాడిపరిశ్రమలో ఇది పెద్ద బెడదయే. అందుచేత అచ్చట తోడును మార్చి మార్చి వాడుదురు. శత్రువును చంపిన యాయుధమే మిత్రుని మీదికిని వచ్చును. ఏ పదార్థమును మంచిదని గాని, చెడ్డదని గాని ఒక్కమాటలో తేల్చివేయరాదని దీనివలన నేర్చుకొనవచ్చును.

మనము చేయవలసినది

ఫేజులు కర్మాగారములకును, పరీక్షాలయములకును తగిన సాధనములు. మన వంటయింటిలో వాని పని మన చేతులే చేయవలెను. వండుటకు ముందును, తినుటకు ముందును, మరుగుదొడ్డికి పోయివచ్చిన తరువాతను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. పచ్చిమాంసమును, చేపను కోసిన కత్తిని, పీటను కడుగక వానితో కూరలు తరుగరాదు. మాంసమును, గ్రుడ్లను లోపలివరకు ఉడికింపవలెను. వండిన అన్నమును, కూరను గంటలకొలది వెచ్చగా విడిచిపెట్టక, వేడిగా నున్నప్పుడే తినవలెను. మిగిలిన కూరను మరల పొగలు వచ్చునట్లు కాచవలెను. త్రాగునీరు శుద్ధమైనదో కాదో సందేహమున్నచో మరగించి చల్లార్చుకొనవలెను. శీతలపేటికలో పెట్టితిమి గనుక భయములేదని తలంపరాదు. లిస్టీరియా చలికి వెరవదు. గర్భిణులుగల యిండ్లలో ఈ విషయమున ప్రత్యేకశ్రద్ధ వలయును.

విద్యార్థులారా, ట్వార్టు పారవేయదగిన గుంపులను పారవేయక పరీక్షించెను. డెరెల్ తేరుకొనిన రసమును చూచి, ప్రయోగము చెడిపోయినదని విసుగుకొనక, ఏల తేరుకొనెనని యడిగెను. వారు చూచినవి మీరును మీ ప్రయోగశాలలో చూడదగిన సామాన్యదృశ్యములే. మీలో కొందరు రేపు వైద్యులు, పశువైద్యులు, పాడిపరిశ్రమలో ఉద్యోగులు, ఆహారపరీక్షకులు కావచ్చును. మన సంతలలో అమ్ముచున్న పాలను, చేపలను, మాంసమును త్వరగాను, తక్కువ ఖర్చుతోను పరీక్షించు ఉపాయము దొరికినయెడల ఎందరో పసిపిల్లల ప్రాణములు నిలుచును. ఆ పని మీకొరకు మిగిలియున్నది. అంతవరకు సబ్బును, వేడినీటిని, పొయ్యిలోని మంటను అలక్ష్యము చేయకుందురు గాక.